మలుపు దగ్గర దీపం ఎవరిది?

ఎల్లారెడ్డి అంగడిలో చింతపండు బేరం చేస్తుంటే ఆమె చనిపోయిన సంగతి తెలిసింది. చెప్పినవాడు కామారెడ్డి నుంచి బండి మీద ఉల్లిగడ్డ తెచ్చి అమ్ముకునే మనిషి. నేను కామారెడ్డి కచేరీ వరండాలో కూర్చుని అర్జీలు రాసిన రోజుల నుంచీ ఎరిగినవాడు.

"మున్షీ సాబ్, మీ అవ్వ పోయింది. కబురందిందా?" అన్నాడు.

మా అవ్వ పోయి చాలా ఏళ్లయింది. అదే చెప్పాను.

"ఆ అవ్వ గాదు. మలుపుకాడ బీడీలు చేసే అవ్వ. కంబం అవ్వ."

నేను తల ఊపి మళ్లీ చింతపండు వైపు తిరిగాను. ధర తగ్గించమని కూడా అడిగాను. అమ్మే ఆమె తగ్గించి, తూచి, నా సంచిలో పోస్తుంటే మాత్రం సంచి పట్టుకోవడం చేతకాలేదు. సగం నేలపాలయింది.

ఆమె నాకు బంధువు కాదు. కులం వేరు, వాడ వేరు. ఆమె కోసం ఒక్క అర్జీ రాశాను, అంతే. ఆమె పేరు తెలుసు, ఆ అర్జీలో నేనే రాశాను కనుక. కాని ఆ పేరు చెప్పి అడిగితే కామారెడ్డిలో ఎవరూ ఇల్లు చూపించలేరు. కంబం అవ్వ అంటేనే చూపిస్తారు. నాకూ ఆమె కంబం అవ్వే.

స్టేషన్ రోడ్డు బజారులోకి తిరిగేచోట, మురుగు పారే మోరీకి ఆనుకుని ఆమె ఇల్లు. ఒక అర్ర, ముందు రెండు మూరల అరుగు. ఎప్పుడు చూసినా ఒళ్లో చేట, చేటలో కత్తిరించిన ఆకు, ఒక మూల తంబాకు. వేళ్లు వాటంతటవే ఆకును చుట్టి, దారం కట్టి, పక్కన పడేస్తుండేవి. కళ్లు రోడ్డు మీద వచ్చేపోయే మనుషుల మీద ఉండేవి. చేసేవి వేల బీడీలు, తాగింది ఒక్కటి లేదు. "దాంట్ల ఏమున్నదని గంత మోజు? పొగేనాయె" అనేది.

ఏదైనా మాట అర్థం కాకపోతే కత్తెరను తొడ కింద పెట్టుకునేది. రెండు అరచేతులూ చేట మీద వెల్లకిలా పెట్టి, "మల్ల చెప్పు" అనేది. మళ్లీ చెప్తే, "ఇంకొక్కసారి చెప్పు బిడ్డా" అని కళ్లు మూసుకుని వినేది. నేను గమనించింది ఏమిటంటే, మూడోసారి చెప్పేసరికి చెప్పేవాడికే తన మాట మీద అనుమానం పుట్టేది. గొంతు తగ్గేది. ఆమెకు ఆ ఉద్దేశం ఉండేది కాదు. ఆమెకు నిజంగానే అర్థమయ్యేది కాదు.

ఒకరి దగ్గర ఊరికే తీసుకోవడం కూడా ఆమెకు చేతనయ్యేది కాదు. పక్కింటి మల్లవ్వ చల్ల ఇస్తే, ఆ గిన్నెలో చిటికెడు ఉప్పయినా వేసి తిరిగి పంపేది. "తిన్నోళ్లు ఎంగిలిచెయ్యి దాసుకోవద్దు" అనేది. అది తాడ్వాయిలో వాళ్ల అమ్మ అనే మాటట.

అప్పటికి కామారెడ్డిలో కరెంటు అంటే బియ్యం మిల్లు సేటు ఇంజను నుంచి వచ్చేదే. పగలంతా వడ్లు ఆడించిన ఇంజనుకు సాయంత్రం ఇంకో తోలు పట్టా తగిలించి, కరెంటు పుట్టించి, తీగల మీద బజారుకు పంపేవాడు. బాటమీది దీపాలకు సర్కారు ఇచ్చేది. దుకాణాల్లో వెలిగే బుగ్గలకు షావుకార్లు, ఇండ్లలో వెలిగే వాటికి ఇంటివాళ్లు ఇచ్చేవాళ్లు. ఇండ్లంటే ఎన్ని? వకీలు ఇల్లు, డాక్టరు ఇల్లు, సేటు చుట్టాల ఇండ్లు రెండు మూడు. మిగతా ఊరంతా గాసునూనె బుడ్డీలే.

మలుపు దగ్గర దీపపు కంబం నాటడానికి జాగా దొరకలేదు. ఒక పక్క మోరీ, ఒక పక్క బండ్లు తిరిగే బాట. మిగిలింది అవ్వ అరుగు. సేటు మనుషులు వచ్చి అడిగితే, "పాతుకోండ్రి, నేను గా మూలకు కూసుంట" అన్నదట. అరుగు అంచు పగలగొట్టి కంబం నాటారు. ఊరికి ఆ రోజు నుంచి ఆమె కంబం అవ్వ అయింది.

దీపం వెలిగిన మొదటి సాయంత్రం నేను చూశాను. కచేరీ నుంచి ఇంటికి పోతున్నాను. అవ్వ చేట ఎత్తుకుని వచ్చి కంబం కింద కూర్చుంది. ఒక బీడీ చుట్టింది, పైకి చూసింది. ఇంకొకటి చుట్టింది, మళ్లీ పైకి చూసింది. వారం తిరిగేసరికి మల్లవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు చేటలు పట్టుకుని చేరారు. దీపాల వేళ మొదలై బజారు మూసేదాకా నలుగురూ అక్కడే. ఆ గంటల్లో చేసిన బీడీలు వాళ్ల ఇండ్లలో పొయ్యి వెలిగించేవి. గాసునూనె ఖర్చు తప్పింది. బాట నడిచేవాళ్లకు కూడా ఆ వెలుగులో మోరీ కనబడేది. అంతకుముందు వానాకాలంలో అందులో పడని మనిషి లేడు.

కొన్నేళ్లు అట్లా గడిచింది. తర్వాత లడాయి వచ్చింది.

ఎక్కడో దేశాలు చేసుకునే లడాయికి మా ఇంజను నూనె దొరకకుండా పోయింది. దొరికినదాని ధర పిరమైంది. సేటు, "నాకు గిట్టుబాటు కాదు, అందరూ ఎక్కువ ఇయ్యాలె" అన్నాడు. దాంతో సేటు, బజారు, సర్కారు, మూడు పక్షాల కాగితాలూ మూడు రోజుల తేడాలో నా చేతికే వచ్చాయి.

సేటు మనిషి వచ్చి రాయించింది: ఇంజను నష్టం ఇన్నాళ్లూ సేటే మోస్తున్నాడు, ఇకముందు మోయలేడు, మలుపు దీపం ఖర్చు సర్కారో బజారో భరించాలి. బజారు తరఫున బట్టల షావుకారు రాయించింది: దుకాణం లోపలి వెలుగుకు మేం ఇస్తున్నాం, బాట సర్కారుది, బాటమీది దీపం సర్కారుదే. సర్కారు తరఫున, తహసీల్దారు కింద పద్దులు చూసే పేష్కారు సాబ్ నన్ను పిలిచి శుభ్రమైన దస్తూరీలో నకలు తీయమన్నది: కచేరీ, ఠాణా, స్టేషన్ ముందరి దీపాలు సర్కారు ఉంచుకుంటుంది, మలుపు దీపం దుకాణాల గిరాకీకీ బీడీలు చేసే ఇండ్లకూ పనికొస్తున్నది కనుక ఆ ఖర్చు వాళ్లదే.

మూడూ నా చేత్తోనే రాశాను. సేటుది రాస్తున్నప్పుడు సేటుది న్యాయం అనిపించింది. షావుకారుది రాస్తున్నప్పుడు షావుకారుది. పేష్కారుది రాస్తున్నప్పుడు, నిజమే కదా, వాడుకునేవాడే ఇవ్వాలి కదా అనుకున్నాను. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తల తిరిగింది. అంత చక్కటి వెలుగునిచ్చే దీపం ఏ కాగితంలోనూ ఎవరిదీ కాదు.

ఆ వారంలోనే అవ్వ కచేరీకి వచ్చింది. అంతకుముందు ఆమెను అరుగు మీద తప్ప ఎక్కడా చూడలేదు. నిలబడితే ఇంత పొట్టి మనిషా అనిపించింది.

"బిడ్డా, దీపం తీస్తరట గదా. మిల్లు మేస్త్రి చెప్పిండు. ఎందుకు?"

చెప్పాను. మళ్లీ చెప్పమన్నది. చెప్పాను. కళ్లు మూసుకుని మూడోసారి వినేసరికి నాకే సిగ్గేసింది.

"అయితే ఎవలన్న ఇస్తే ఉంటదన్నట్టేనా?"

"అన్నట్టే."

కొంగు ముడి చూపించింది. నలుగురు ఆడవాళ్లకు ఆ దీపం వల్ల మిగిలిన గాసునూనె ఖర్చు ఎంతో లెక్కచూసి, అది పోగుచేసి తెచ్చింది. "మేం వాడుకున్నం. మాకు ఎల్లినంత మేం ఇస్తం. ఎవలికియ్యాలె?"

ఇది చాలా తేలిక పని అనుకుని నేనే ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాను.

సేటు మంచివాడే. కుర్చీలోంచి లేచి, "అవ్వా, నీ దగ్గర తీసుకుంటనా?" అని నవ్వాడు. "తీసుకో బిడ్డా, ఊకెనే ఎందుకు?" అన్నది. అప్పుడు నవ్వు ఆపి చెప్పాడు. "తీసుకున్ననంటే రేపటికెల్లి నువ్వు నాకు గిరాకీవి. గిరాకీకి దీపం ఆర్పితే తప్పు నాదైతది. బాటమీది దీపం, సర్కారుకియ్యి."

పేష్కారు సాబ్ దగ్గరికి పోయాం. ఆయన మా మాట విని కలం కింద పెట్టాడు. "దీన్ని ఏ పద్దులో జమ కట్టాలె? దీపానికి ఇంటివాళ్లు కట్టే పద్దే లేదు. పైగా నేను రసీదు ఇచ్చిననంటే దీపం సర్కారుదని రాసిచ్చినట్టే. దుకాణాలోళ్లకియ్యి."

బట్టల షావుకారు గద్దె మీద కూర్చున్నాడు. అవ్వ కొంగు ముడి విప్పబోతే చేయి అడ్డం పెట్టాడు. "వద్దవ్వా. నేను ముట్టుకుంటే దీపం బజారోళ్లదని ఒప్పుకున్నట్టయితది. మిగిలినోళ్లు నన్ను బతకనియ్యరు."

"గట్ల ఎట్లయితది? మల్ల చెప్పు" అన్నది అవ్వ.

చెప్పాడు. మూడోసారి చెప్పేటప్పుడు ఆయన చూపు ఆమె మీద లేదు, నా మీద ఉంది.

బయటికి వచ్చాక దుకాణం మెట్టు మీద కూలబడింది. "మూడు దర్వాజలు తిరిగినం బిడ్డా. దొంగసొమ్ము లెక్క ఒక్కలు ముట్టరేంది? అడుగవోతె లేదంటరని తెలుసు. ఇయ్యవోతె గూడ వద్దంటరా?"

కొంగు ముడి మళ్లీ బిగించి నా వైపు తిరిగింది. "నాక్కూడా ఒక కాయితం రాయి."

అర్జీకి చివర కోరిక ఉండాలి. ఏం కోరుతున్నదో చెప్పకపోతే అది అర్జీ కాదు. "ఏం కావాలని రాయాలె, అవ్వా? దీపం తియ్యొద్దని రాయాల్నా?"

"వద్దు. తీసుడు ఉంచుడు వాళ్ల ఇష్టం. ఎవలికియ్యాల్నో చెప్పుమను, చాలు."

అదే రాశాను. ఉర్దూ అర్జీలకు ఉండే మర్యాద మాటలన్నీ పెట్టి, చివర, 'ఫిర్యాదీ తన వంతు ఎవరికి చెల్లించవలెనో హుకుం దయచేయించవలెను' అని రాశాను. అన్నేళ్లలో వేల అర్జీలు రాసి ఉంటాను. శిస్తు మాఫీ చేయమని, దండుగ తగ్గించమని, వాయిదా ఇవ్వమని. నన్ను కట్టనివ్వండి అనే అర్జీ మాత్రం అదొక్కటే.

తహసీల్దారు దాన్ని పైకి చదువుతూ మొదట నవ్వాడు. చివరి వాక్యం మాత్రం రెండుసార్లు చదివాడు. ముగ్గురినీ, అవ్వనూ ఒక రోజు ఉదయం కచేరీకి పిలిపించాడు.

ఆ ఉదయం నాకు బాగా గుర్తు. సేటు, షావుకారు, పేష్కారు తమ తమ అర్జీల్లో ఉన్నదే చెప్పారు. నా వాక్యాలే నాకు ఎదురుగా నిలబడి ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటున్నట్టు ఉంది. తహసీల్దారు కాసేపు విని, "మూడు పాళ్లు చేద్దాం. ఒక పాలు సర్కారు, ఒక పాలు దుకాణాలు, ఒక పాలు ఇండ్లు" అన్నాడు.

ఇండ్ల పాలు అవ్వ తెచ్చినదానికి చాలా ఎక్కువ. ఆమె ముఖం వాడిపోయింది. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది. నేను మాట్లాడే చోటు కాదు, అయినా ఆగలేక లేచాను.

"హుజూర్, కంబం ఉన్న జాగా ఈమెది. ఇన్నేళ్లూ కిరాయి తీసుకోలేదు. ఆ కిరాయి ఇండ్ల పాలుకు చెల్లువేస్తే ఈమె ఏమీ ఇయ్యనవసరం లేదు."

తహసీల్దారు తల ఊపాడు. సేటు కూడా బాగుందన్నాడు. అందరి ముఖాల్లో ఒక బరువు దిగినట్టు కనిపించింది. నేను చాలా తెలివైనవాణ్ణని నాకు అనిపించింది.

అవ్వ నా వైపు తిరిగింది. ఆమె కోపం చూడడం అదే మొదటిసారి.

"జాగ నేను ఊకెనే ఇచ్చిన. ఇచ్చినదానికి ఇప్పుడు కిరాయి అడుగుమంటవా? అప్పుడు పాతుకోండ్రి అన్న నోరు, ఇప్పుడు పైసలు తెమ్మంటదా?" తర్వాత తహసీల్దారు వైపు చూసి గొంతు తగ్గించింది. "దొరా, మేం నలుగురం తెచ్చింది తీసుకోండ్రి. తక్కువ పడ్డది తక్కువ పడ్డదే. ఎక్కువున్నోళ్లు ఎక్కువ పెట్టుకుంటరు, తక్కువున్నోళ్లు తక్కువ. లెక్కల సమానం చేయమంటే మాత్రం మాతోని గాదు."

తహసీల్దారు మూడు పాళ్ల మాట వదిలేశాడు. చివరికి సర్కారు సగం, మిగతా సగంలో నలుగురు ఆడవాళ్లు ఇచ్చింది పోగా ఉన్నది దుకాణాలు భరించాలని హుకుం రాయించాడు. అందరూ ఇచ్చింది సేటు తీసుకోవాలి. నాకు అది న్యాయమో కాదో ఇప్పటికీ తెలియదు. ఆడవాళ్ల నుంచి అసలు తీసుకోకూడదని ఒకరోజు అనిపిస్తుంది. తీసుకోకపోతే ఆమెకు అవమానమని ఇంకోరోజు అనిపిస్తుంది.

ప్రతి నెలా మొదటి రోజున అవ్వ మిల్లుకు పోయేది. మూడో నెలకు దుకాణాలవాళ్లు ఇవ్వడం మానేశారు. గిరాకీ లేదన్నారు. ఆ సంగతి ఆమెకు తెలిసి నా దగ్గరికి వచ్చింది. "వాళ్లు బంద్ చేసిండ్రట గదా. మరి వెలుగు తగ్గలేదేంది బిడ్డా? వాళ్లది ఎవలు పెడుతున్నరు?"

సేటును అడిగాను. ఆయన చుట్టూ చూసి మెల్లగా చెప్పాడు. "నేనే మీదేసుకుంటున్న. ఏం జెయ్యాలె? ఆ ముసలామె నెల తిరగంగనే వచ్చి చేతుల పెడ్తది. ఆమె చేతిలకెల్లి తీసుకున్నంక, పోయి ఆర్పుమని మేస్త్రికి ఎట్ల చెప్పాలె? గీ మాట ఆమెతోని అనకు."

అనలేదు. అది సాయమో మోసమో తేల్చుకోలేకపోయాను.

తర్వాత నాకు ఎల్లారెడ్డి తహసీలులో నకళ్లు రాసే పని దొరికి ఇక్కడికి వచ్చేశాను. ఇక్కడ కరెంటు లేదు కనుక ఆ గొడవ కూడా లేదు. కొన్నాళ్లకు కామారెడ్డిలో ఇంజను నూనె పూర్తిగా దొరకక సేటు సాయంత్రం ఇంజను ఆపేశాడని, వకీలు ఇంటితో సహా ఊరంతా మళ్లీ బుడ్డీలకు వచ్చిందని విన్నాను. అవ్వ సంగతి ఎవరినీ అడగలేదు. ఎందుకు అడగలేదో చెప్పలేను.

అంగడిలో కబురు విన్న మూడో రోజున సెలవు పెట్టి కామారెడ్డి పోయాను. చేరేసరికి పొద్దు గూకుతున్నది. అవ్వ ఇంటికి తాళం ఉంది. కంబం అట్లాగే ఉంది, బుగ్గ లేదు. కంబానికి కొట్టిన మేకుకు ఒక కందిలి వేలాడుతున్నది. దాని కింద మల్లవ్వ చేట పెట్టుకుని కూర్చుంది.

నన్ను గుర్తుపట్టి కూర్చోమన్నది. నేను అడక్కుండానే చెప్పుకొచ్చింది.

కరెంటు పోయిన వారానికే బట్టల షావుకారు దుకాణం మూసి వస్తూ చీకట్లో మోరీలో పడ్డాడట. కాలు విరిగింది. అవ్వ ఆయన్ను తన అరుగు మీద కూర్చోబెట్టి కాలు కట్టించింది. మర్నాడు తన ఇంట్లోని కందిలి తెచ్చి ఈ మేకుకు వేలాడదీసింది. గాసునూనె ఎంత కరువుగా ఉన్న రోజులో అందరికీ తెలుసు. ఇంట్లో చీకటి పెట్టుకుని ఆమె దీపం బయట పెట్టింది.

"కాలు నయమైనంక షావుకారు సీస నిండ నూనె పట్టుకొచ్చిండు" అన్నది మల్లవ్వ. "ఇచ్చుటానికి భయపడ్డడు. కొడ్తదో తిడ్తదో అని గాడనే నిలవడ్డడు. అవ్వ లేసి కందిలి దించింది. 'పొయ్యి' అన్నది. అంతే."

"వద్దనలేదా? మల్ల ఏం తిరిగియ్యలేదా?"

"లేదు. నేను గూడ అడిగిన. ఇన్నొద్దులు ఎవల దగ్గర ఊకె తీసుకోకుంటివి, గిదేందే అన్న. 'అప్పుడు దీపం ఎవలిదో తెల్వకపాయె పిల్లా. ఇది నాది. నా దీపంల నూనె ఎవలన్న పోస్తరు, నాకేం నామోషి?' అన్నది. అటెన్క మిల్లు సేటు పంపిండు. కచేరీల కెల్లి జవాను గూడ ఒకపారి సీస తెచ్చిండు. ఎవలు పంపిండ్రో చెప్పలే."

పేష్కారు సాబ్ అయి ఉంటాడా? తహసీల్దారా? మల్లవ్వకు తెలియదు. నాకూ తెలియదు.

"అవ్వ పోయిన్నాడు దీపం లేదు" అన్నది మల్లవ్వ ఆకు చుడుతూ. "తెల్లారి గూడ లేదు. మూడోనాడు బజారు మూసేయాళ్లకు నేనే లేసి ముట్టిచ్చిన. నీది గాదు గదా, నువ్వెందుకు ముట్టిచ్చినవని ఎవలన్న అంటరేమో అని కందిలి పక్కనే నిలవడ్డ."

"ఎవరన్నా అన్నారా?"

"ఎవలు అడుగలే బాపు. అందరు గా వెలుగుల మోరి చూసుకుంట పోయిండ్రు."